వికలాంగుల సర్టిఫికెట్టు, పింఛను: సభ్యుల సందేహాలకు సమాధానాలు

సంఘాల సర్వసభ్య సమావేశాలకు మేము వెళ్లినప్పుడు ముందుగా ఏ ప్రశ్నలు వస్తాయో మాకు తెలుసు. పాల ధర, బోనసు, దాణా సరఫరా, వెన్న శాతం తక్కువ పడుతోందన్న ఫిర్యాదు. ఇవి అందరి ఎదుట గట్టిగా అడుగుతారు. సమావేశం ముగిసి టీ గ్లాసులు సర్దుతున్నప్పుడు ఒకరిద్దరు పక్కకు పిలిచి మెల్లగా అడిగే ప్రశ్నలు వేరు. "మా అమ్మాయికి చెవులు వినపడవండీ, దానికి ఏమైనా వస్తుందా?" "మా తమ్ముడిది పోలియో కాలు. పాలు పోస్తున్నాడు గనుక పింఛను ఇవ్వరంటున్నారు, నిజమేనా?" ఈ ప్రశ్నలు సభలో ఎందుకు అడగరో మేము గ్రహించగలము. కాని అడగకపోవడం వల్ల ఒకరికి తెలిసిన సంగతి పదిమందికి తెలియడం లేదు. కనుక ఈ సంచికలో వాటిని బాహాటంగానే చర్చిస్తున్నాము.

ప్రభుత్వ కాగితాలలో ఇప్పుడు దివ్యాంగులు అన్న మాట వాడుతున్నారు. మన పాఠకులకు అలవాటైన వికలాంగులు అన్న మాటనే మేము ఇక్కడ వాడుతున్నాము. మాట ఏదైనా చట్టం ఒకటే.

ముందుగా ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఒక సంఘంలో పదిహేనేళ్లుగా పాలు పోస్తున్న సభ్యుడు ఒకరు తన సభ్యత్వాన్ని తమ్ముడి పేరిట మార్చుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "పాల డబ్బు నా ఖాతాలో పడితే పింఛను తీసేస్తారట" అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకే సరిగా గుర్తులేదు. ఆ ఏడాది బోనసు తమ్ముడి పేర వచ్చింది. సర్వసభ్య సమావేశంలో ఓటు తమ్ముడిదే అయింది. గేదెలు మాత్రం ఈయనవే, తెల్లవారుజామున లేచి పితికేదీ ఈయనే. తీరా చూస్తే ఆయన పింఛనుకు పాల ఖాతా వల్ల ఏ అడ్డూ లేదు. ఇటువంటి పొరపాటు ఇంకొకరు చేయకూడదనే ఈ వ్యాసం.

సర్టిఫికెట్టు వేరు, పింఛను వేరు

సందేహాలలో సగం ఈ రెంటినీ ఒకటిగా తలచడం వల్ల వచ్చినవే. మన పాల కేంద్రంలో వెన్న పరీక్ష చేసి చీటీ ఇస్తారు. చీటీలో ఉన్నది పాల గుణం. దానికి ఎంత ధర కట్టాలన్నది వేరే పట్టిక. సర్టిఫికెట్టు ఆ చీటీ వంటిది. మనిషికి ఉన్న వైకల్యం ఏమిటి, ఎంత శాతం అన్నది డాక్టర్లు పరీక్షించి రాసి ఇస్తారు. దానికి ఆస్తితోను, ఆదాయంతోను, తెల్ల కార్డుతోను పని లేదు. నూరెకరాల ఆసామి అయినా, పాలేరు అయినా, వైకల్యం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. పింఛను మాత్రం ప్రభుత్వ పథకం. సర్టిఫికెట్టుతో పాటు ఆదాయం, భూమి వంటి షరతులు దానికి ఉంటాయి.

కనుక పింఛను రాదన్న కారణంతో సర్టిఫికెట్టే తీసుకోకుండా ఊరుకోవడం తప్పు. చదువులోను, ఉద్యోగంలోను, రైలు టిక్కెట్టులోను, ప్రభుత్వ పథకాలలోను పనికివచ్చేది ఆ కాగితమే.

ఇప్పుడు అమలులో ఉన్నది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందున్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు ఇరవై ఒకటి ఉన్నవి. చూపు, వినికిడి, కాళ్లు చేతులు అందరికీ తెలిసినవే. పొట్టితనం, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు, ఆటిజం, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, పార్కిన్సన్ జబ్బు, యాసిడ్ దాడికి గురైనవారు, కుష్ఠు నయమైనవారు కూడా ఇందులో ఉన్నారు. పాత రోజుల్లో "ఇది వైకల్యం కిందకి రాదు" అని తిప్పి పంపినవారు మరల వెళ్లవచ్చు. పాత చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్టు ఉంటే అందులో రాసిన గడువు వరకు అది చెల్లుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సదరం అన్న పేరు రెండు రాష్ట్రాలలోను జనం నోట నిలిచింది. దాని మీదట ఇప్పుడు దేశమంతటికీ ఒకే యు.డి.ఐ.డి. కార్డు వచ్చింది. సచివాలయంలో గాని మీసేవ కేంద్రంలో గాని అడిగితే పరీక్ష తేదీ ఎలా తీసుకోవాలో చెబుతారు. చట్టం ప్రకారం సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుంది. పని కోసం బెంగుళూరుకో సూరత్‌కో వెళ్లిన మనవారికి ఇది ముఖ్యం. పింఛను మాత్రం అలా కాదు, ఏ రాష్ట్రం పింఛను ఆ రాష్ట్రానిదే.

నలభై శాతం అన్న గీత

సర్టిఫికెట్టులో ఎంత శాతం ఉన్నా అది సర్టిఫికెట్టే. అయితే రిజర్వేషను, పింఛను వంటి చాలా ప్రయోజనాలకు 40 శాతం, అంతకు మించి ఉండాలి. ఈ గీత దగ్గరే గొడవలు వస్తాయి.

ఒక కన్ను పూర్తిగా పోయి, రెండవ కన్ను బాగా ఉన్నవారికి డాక్టర్ల పట్టిక ప్రకారం వచ్చేది 30 శాతమే. "ఒక కన్నే లేదు గదా, సగం కాదా" అని మన లెక్క. పట్టిక లెక్క వేరు. మంచి కంటితో మనిషి ఎంతవరకు చూడగలడన్నది అక్కడ ప్రధానం. అట్లాగే గడ్డి కోసే యంత్రంలో పడి చిటికెన వేలు పోయినవారికి 40 రాదు. బొటనవేలికి చిటికెన వేలికంటె విలువ చాలా ఎక్కువ. పాలు పితికే మనకు ఆ సంగతి డాక్టరు చెప్పనక్కరలేదు.

40 రాకపోతే ఇక ఏమీ లేదా? ఉన్నది. కాని మన సభ్యులలో చాలామంది దానిని మరచిపోతున్నారు. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా గుర్తున్నదా? 18 నుండి 70 ఏళ్ల లోపు వారికి అది ప్రమాద బీమా. ప్రమాదంలో ఒక కంటి చూపు పూర్తిగా, తిరిగిరాకుండా పోయినా, ఒక చెయ్యి లేక ఒక పాదం పనికిరాకుండా పోయినా లక్ష రూపాయలు. రెండు కళ్లూ, రెండు చేతులూ, ఇట్లా పోతే రెండు లక్షలు. దీనికి పింఛను షరతులు ఏవీ లేవు. భూమి ఎంత, పాల బిల్లు ఎంత అని ఎవరూ అడగరు. అయితే ప్రమాదం వల్ల జరిగిందన్న రుజువు కావాలి. గడ్డి యంత్రంలో చెయ్యి పడినప్పుడు కంగారులో ఆస్పత్రికి పరుగెత్తుతాము, పోలీసు కాగితం ఎవరికి గుర్తుంటుంది? పాము కాటు, చెట్టు మీద నుండి పడటం వంటి వాటికి వెంటనే రాయించిన ఆస్పత్రి రికార్డు రుజువుగా పనికివస్తుంది. ఆస్పత్రిలో "దెబ్బ ఎట్లా తగిలింది" అని అడిగినప్పుడు సంగతి ఉన్నదున్నట్లు రాయించండి. ఆ ఒక్క వాక్యమే తర్వాత లక్ష రూపాయల వాక్యం అవుతుంది.

ఇంకొక మాట. ఆ 20 రూపాయలు మే నెలాఖరులో కోస్తారు, బీమా జూన్ 1 నుండి మే 31 వరకు. పాల బిల్లు పడిన రోజే ఖాతా ఊడ్చి తెచ్చుకునే అలవాటు ఉన్నవారు మే నెలలో ఆ 20 రూపాయలు ఉంచవలెను.

పాల డబ్బు వల్ల పింఛను పోతుందా?

ఇది ఎక్కువమంది అడిగిన ప్రశ్న గనుక కొంచెం వివరంగా చెబుతున్నాము.

పాల సంఘంలో సభ్యుడై ఉండటం ఏ రాష్ట్రంలోనూ పింఛనుకు అనర్హత కాదు. చూసేది కుటుంబ ఆదాయం, భూమి, వాహనం, ప్రభుత్వోద్యోగం వంటివి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి మార్గదర్శకాలు గ్రామాలలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు, పట్టణాలలో 12,000 మించకూడదన్నవి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపి పదెకరాల లోపు ఉండాలన్నవి. తెలంగాణాలో 2014 ఆసరా మార్గదర్శకాలలో మాగాణికి మూడెకరాలు, మెట్టకు ఏడున్నర ఎకరాల హద్దు పెట్టారు. వికలాంగులకు 40 శాతం, వినికిడి లోపానికి మాత్రం 51 శాతం ఉండాలన్నారు.

ఇక పాల బిల్లు సంగతి. నెలకు పన్నెండు వేలు బిల్లు వచ్చే సభ్యునికి చేతిలో మిగిలేది ఎంతో మనకు తెలుసు. దాణా, పచ్చిగడ్డి, ఎండుగడ్డి, పశువైద్యం, వట్టిపోయిన గేదె మేత అన్నీ అందులోనే పోవాలి. బిల్లు మొత్తం రాబడి, ఆదాయం కాదు. కుటుంబ ఆదాయం ఎంతన్నది తేల్చవలసినది రెవెన్యూ అధికారులు. కార్యదర్శులకు మా మనవి ఏమంటే, ఎవరైనా వచ్చి "ఇతని ఆదాయం ఎంతో రాసివ్వండి" అంటే ఆదాయం అని రాయకండి. పోసిన పాలు, చెల్లించిన మొత్తం, సంఘం ద్వారా తీసుకున్న దాణాకు మినహాయించిన మొత్తం మాత్రమే వేరువేరుగా రాసి ఇవ్వండి. ఉన్నది రాయడం మన పని, తీర్పు చెప్పడం కాదు.

అట్లాగని లెక్క దాచి పెట్టమని మేము చెప్పడం లేదు. వికలాంగుల కోసం ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఈ చట్టంలోనే ఉన్నది. దొంగ సర్టిఫికెట్లు ఇప్పిస్తామని తిరిగే మధ్యవర్తులను దగ్గరకు రానీయకండి. వారి వల్ల నిజంగా అర్హులైనవారికి కూడా పరీక్ష మీద పరీక్ష తప్పడం లేదు.

ఎంత వస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుండి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికి లేక చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000. వృద్ధులకు, వితంతువులకు 4,000. తెలంగాణాలో 2023 జులైలో వికలాంగుల పింఛనును 4,016 రూపాయలకు పెంచారు, వృద్ధులది, వితంతువులది 2,016. వికలాంగులకు ఎక్కువ ఎందుకు అని కొందరు గొణుగుతూ ఉంటారు. ఇతరులకు ఇచ్చే అటువంటి సహాయం కంటె వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని చట్టం 24వ సెక్షనే చెబుతున్నది. ఈ మొత్తంలో కేంద్రం వాటా చిన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం గల 18 నుండి 79 ఏళ్ల వారికి నెలకు 300. మిగిలినది రాష్ట్రానిదే.

దీని వల్లనే ఇంకొక అపోహ కూడా వచ్చింది. "పద్దెనిమిదేళ్లు నిండితే గాని రాదు" అని. ఆ వయసు కేంద్ర వాటాకు మాత్రమే. రాష్ట్ర పింఛనుకు వయసు హద్దు లేదు, పసిపిల్లలకైనా ఉన్నది. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు గనుక వైకల్యం ఉన్న వితంతువు ఎక్కువ వచ్చేది ఎంచుకోవాలి. పదేళ్ల కిందట వితంతు పింఛనులో చేరి, అట్లాగే ఉండిపోయిన ఆడవారు మన సంఘాలలో ఉంటే వారికి ఈ సంగతి చెప్పండి.

లేదన్నప్పుడు

"వెళ్లాము, లేదన్నారు." ఈ మాట ఎన్ని ఊళ్లలో విన్నామో లెక్కలేదు. ఎవరన్నారు, ఎందుకన్నారు, ఏ కాగితం మీద అన్నారు అంటే జవాబు ఉండదు. వెన్న తక్కువ వచ్చిందని టెస్టరు నోటితో చెబితే మనం ఒప్పుకుంటామా? చీటీ చూపించమంటాము. ఇక్కడా అంతే.

సర్టిఫికెట్టుకు అర్హత లేదని డాక్టర్ల బోర్డు అనుకుంటే కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయాలని నిబంధన ఉన్నది. 2017 నిబంధనలలో నెల రోజుల గడువు పెట్టారు. 2024 అక్టోబరు సవరణలో దానిని మూడు నెలలు చేశారు. గడువు పెంచడం మాకేమీ నచ్చలేదు గాని, మూడు నెలలైనా అది గడువే. దాటితే అడిగే హక్కు ఉన్నది. శాతం తక్కువ వేశారనిపించినా, అసలు ఇవ్వకపోయినా 59వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు కూడా గడువు ఉంటుంది గనుక పంట పనులు అయ్యాక చూద్దామనుకోవద్దు. దరఖాస్తు నకలు, రసీదు, పాత ఆస్పత్రి కాగితాలు ఒక సంచిలో ఉంచుకోవాలి. కొందరి సర్టిఫికెట్టుకు కాలపరిమితి ఉంటుంది, ఆ తేదీ ముందుగానే చూసుకోవాలి.

పింఛను ఆగినప్పుడూ ఇదే పద్ధతి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగి, 40 శాతం కంటె తక్కువ తేలినవారికి నోటీసులు వెళ్లినవి. నోటీసు చూడగానే ఇక అయిపోయిందని ఇంట్లో కూర్చున్నవారు ఉన్నారు. నోటీసు అంటే తీర్పు కాదు, మీ మాట చెప్పుకోవడానికి పిలుపు. నడుస్తున్న సహాయాన్ని కారణం చెప్పకుండా, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఆపడం న్యాయసూత్రాలకు విరుద్ధమని కోర్టులు ఎన్నోసార్లు చెప్పినవి. మండల పరిషత్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కారణం రాసి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి, 30 రోజులలో జవాబు రావాలి. ఆ పైన రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు.

వకీలుకు డబ్బు లేదని వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షనులో వికలాంగులకు ఉచిత న్యాయసహాయం ఉన్నది. వారికి ఆదాయ పరిమితి కూడా లేదు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 అన్న ఉచిత ఫోను నంబరు కూడా ఉన్నది.

గేదెల పథకాలలో వాటా

ఇది మన సంఘాలకు సూటిగా సంబంధించినది, అయినా దీనిని గురించి అడిగినవారు ఒక్కరే. పేదరిక నిర్మూలన పథకాలలోను, ఇతర అభివృద్ధి పథకాలలోను 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవారికి 5 శాతం కేటాయించాలని, అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 37వ సెక్షను చెబుతున్నది. వ్యవసాయ భూమి, ఇళ్ల కేటాయింపులోను 5 శాతమే. సబ్సిడీ మీద పాడి పశువులిచ్చే ప్రభుత్వ పథకం ఏదైనా మీ మండలానికి వచ్చినప్పుడు వంద యూనిట్లలో ఐదు ఎవరికి వెళ్లినవో అడగండి.

"కళ్లు కనబడనివాడు గేదెను ఎట్లా సాకుతాడు" అని ఒక సంఘం అధ్యక్షుడు మాతో అన్నాడు. ఆయన సంఘంలోనే చూపు లేని ఒక సభ్యురాలు పొదుగు తడిమి, ఈనే రోజు ఫలానా అని చెప్పగలదు. ఆయన ఎన్నడూ ఆమె దొడ్డికి వెళ్లి ఉండడు. ఆస్తి, బ్యాంకు ఖాతా, అప్పు, వారసత్వం, వీటిలో వికలాంగులకు ఇతరులతో సమాన హక్కు ఉన్నదని 13వ సెక్షను స్పష్టంగా చెప్పినది. చూపు లేదని, మాట రాదని సభ్యత్వం నిరాకరించే అధికారం ఏ సంఘానికీ లేదు.

ఈ సందర్భంలోనే ఒక పక్క మాట. మన పాల కేంద్రాల దగ్గర కొందరిని అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాము. కాలో, కన్నో, నత్తో వారి పేరైపోయింది. రిజిస్టరులో కూడా అట్లా రాసిన సంఘాన్ని చూశాము. నలుగురి ఎదుట అవమానించాలన్న ఉద్దేశంతో వికలాంగుని దూషిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. ఉద్దేశం లేకుండా అన్నవారిని జైలులో పెట్టరు, నిజమే. రిజిస్టరులో మాత్రం అసలు పేరు రాయండి.

రైలు రాయితీ గురించి అడిగినవారికి: చూపు లేనివారికి, తోడు లేకుండా ప్రయాణం చేయలేని కాళ్లు చేతుల వైకల్యం గలవారికి, తోడు లేకుండా వెళ్లలేని బుద్ధిమాంద్యం గలవారికి రెండవ తరగతి, స్లీపరు, థర్డ్ ఏసీలలో 75 శాతం తగ్గింపు. వెంట వెళ్లే తోడు మనిషికీ అంతే. మాట, వినికిడి రెండూ లేనివారికి 50 శాతం. దీనికి రైల్వేవారి గుర్తింపు కార్డు వేరే తీసుకోవాలి.

మా తర్వాత వాడిని ఎవరు చూస్తారు?

చివరి ప్రశ్న ఒక తల్లిది. అబ్బాయికి ఇరవై రెండేళ్లు, బుద్ధి ఎదగలేదు. పాలు తెచ్చి పోస్తాడు, డబ్బు లెక్క తెలియదు. "నా పేర ఉన్న వాటా డబ్బు, రెండు గేదెలు, ఎకరం చెక్క వాడికి దక్కాలి. సంఘంలో వాడి పేరు నామినీగా రాయిస్తే చాలునా?" అని అడిగింది.

చాలదమ్మా. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతమాత్రాన వారసుడు కాడు. ఆస్తి వాడికి దక్కాలంటే వీలునామా రాయించడం మంచిది. ఇక వాడి తరఫున వ్యవహారం చూసే మనిషి విషయం. పద్దెనిమిదేళ్లు నిండాక తల్లి అయినా చట్టరీత్యా తనంతట తాను సంరక్షకురాలు కాదు. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. దాని కింద జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరు అందులో ముఖ్యుడు. ఆ కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షకుని నియమిస్తుంది. నియమితులైనవారు ఆస్తి వివరాలు, ఏటా లెక్కలు కమిటీకి చూపాలి, సరిగా చూడకపోతే తొలగించవచ్చు. కోర్టుకు వెళ్లవలసిన అవసరం ఉండదు. ఒక్క మానసిక జబ్బు మాత్రమే ఉన్నవారికి ఈ చట్టం వర్తించదు, వారికి 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వేరే ఉన్నది.

ఆ తల్లికి మేము చెప్పినది ఇది: ముందు అబ్బాయికి సర్టిఫికెట్టు, తర్వాత కలెక్టరు కార్యాలయంలో కమిటీకి దరఖాస్తు, ఆ తర్వాత వీలునామా. ఇవన్నీ మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే. ఆమె పెద్ద కుమార్తె పక్క మండలంలో ఉన్నది, సంరక్షకురాలుగా ఉండడానికి ఒప్పుకున్నది. దరఖాస్తుకు కావలసిన నకళ్లు సంఘం కార్యదర్శి తీయించి ఇచ్చాడు.